ఈతచెట్టు కింద ఆదివారాలు

ఎనిమిదేళ్ల పిల్లవాడితో గంటసేపు ఒంటరిగా కూర్చొని మాట్లాడడం ఎంత కష్టమో ప్రయత్నించి చూచిన పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. "అన్నం తిన్నావా?" "తిన్నాను." "బడిలో ఏం చెప్పారు?" "ఏం చెప్పలేదు." అంతటితో సరి. పుస్తకం తెరిస్తే వాడికి నిద్ర వస్తుంది. కథ మొదలుపెడితే చూపు సెల్ ఫోను మీదికి పోతుంది.

మా బరంపురం ఇళ్లలో దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. పిల్లలకు వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. తెలుగు అర్థమవుతుంది గాని జవాబు తెలుగులో రాదు. 1936లో గంజాం జిల్లా మద్రాసు రాజధాని నుంచి విడిపోయి ఒరిస్సాలో చేరేనాటికే మావాళ్లు ఇక్కడ పాతుకొనిపోయి ఉన్నారు. ఆనాటినుంచి ఇంట్లో తెలుగు నిలుపుకొంటూనే వచ్చాము. మా మనుమడి దగ్గరికి వచ్చేసరికి అది వంటింటి మాటలకు దిగింది. మంచినీళ్లు, ఆకలి, పడుకో, చలి - ఇట్లాంటి పాతిక ముప్పై మాటలతో మామ్మా మనుమడూ ఎంతకాలం నెట్టుకొని రాగలరు? వాడు నన్ను ప్రేమించడం లేదని కాదు. ప్రేమ ఉన్నది, దానికి తగినన్ని మాటలు లేవు.

2024 వానకాలంలో మోకాళ్లు బిగుసుకొనిపోతున్నాయి, రోజూ నడవమన్నాడు వైద్యుడు. ఆదివారం నాడు గొడుగు పట్టడానికి మనుమడిని వెంట పంపించాడు మా అబ్బాయి. గోపాల్‌పూర్ వెళ్లే దారిలో ఊరు దాటిన తరువాత ఒక చెరువు ఉన్నది. గట్టు మీద మూడు ఈతచెట్లు, ఒక తాడి, అవతల వరిమళ్లు. అక్కడ ఒక రాయి మీద నేను చతికిలబడ్డాను. చేయడానికి పనేమీ లేక వాడు తల ఎత్తి చూచాడు.

"మామ్మా, ఆ చొడెయి కొణొ కొరుచి?" అన్నాడు. ఆ పిట్ట ఏం చేస్తోంది అని. పసుపుపచ్చని తల, పిచ్చుకంత ఒళ్లు, ముక్కున మూరెడు పచ్చని పీచు.

"గూడు కడుతోంది. అది గిజిగాడురా" అన్నాను.

వాడు పడి పడి నవ్వాడు. పిట్ట పేరులో 'గాడు' ఉండడం వాడికి చెప్పలేనంత వేడుక. వీధిలో ఒడియావాళ్లు దానిని బాయా అంటారు, ఆ మాట వాడికి తెలుసు. బాయా అంటే పిట్ట మాత్రమే, గిజిగాడు అంటే మాత్రం ఎవరో మనిషి! ఇంటికి వచ్చేదాకా ఆ మాటే వల్లించాడు. మెట్లెక్కుతూ, "మరి ఆడపిట్ట పేరేమిటి?" అని అడిగాడు, ఈసారి తెలుగులోనే. వేటగాడికి వేటగత్తె ఉన్నట్టు గిజిగాడికి గిజిగత్తె ఉండాలి గదా అన్నాను. అటువంటి మాట నేనెన్నడూ వినలేదు. అయినా ఆనాటినుంచి మా ఇద్దరికీ ఆడపిట్ట గిజిగత్తే.

తరువాతి ఆదివారం వాడే నన్ను లేపాడు.

మగపిట్ట పని చూడడానికి ఓపిక కావాలి గాని చూస్తే విసుగుపుట్టదు. వరి ఆకు మొదట్లో ముక్కుతో చిన్న గాటు పెడుతుంది, ఆ అంచు పట్టుకొని ఎగిరిపోతుంది, ఆకు దానంతట అదే పొడుగునా చీలి వస్తుంది. కత్తి లేదు, కత్తెర లేదు. అరగంటలో పదకొండు పీచులు తెచ్చిందని మావాడు లెక్కపెట్టాడు. ఒక గూటికి ఐదు వందల దాకా ప్రయాణాలు చేస్తుందనీ, గూడు పూర్తికావడానికి దాదాపు 18 రోజులు పడుతుందనీ పక్షుల సంగతి తెలిసినవారు రాశారు. ఇది చెప్పగానే లెక్కలంటే పారిపోయే పిల్లవాడు ఇసుకలో భాగాహారం చేశాడు. రోజుకు 28 సార్లు తేలింది. "ఇప్పుడే అరగంటలో పదకొండు అయ్యాయే! మరి మిగతా పొద్దంతా ఏం చేస్తాడు?" అని నన్ను నిలదీశాడు. నేను జవాబు వెతుక్కొంటూ ఉండగానే పక్క గూటివాడు వచ్చి మన గిజిగాడి గూటినుంచి ఒక పీచు లాక్కొని పోయాడు. వాడి వెనక వీడు, కీచులాట. "ఓహో, పోట్లాడతాడు" అని మావాడే తీర్పు చెప్పాడు.

మూడో వారం మనుమరాలూ, పక్కింటి పిల్లలూ తామూ వస్తామన్నారు. వద్దనడానికి నోరు రాలేదు. ఐదుగురు పిల్లలు, బిస్కట్ పొట్లాలు, రెండు సెల్ ఫోన్లు. ఒకడు రాయి విసిరాడు, ఇంకొకరు ఫొటో కోసం గట్టు దిగి బురదలో జారారు. అందరూ సంతోషంగానే ఇంటికి వచ్చారు, అందులో తప్పేమీ లేదు. కాని ఆనాడు మావాడు ఒక్క ప్రశ్న అడగలేదు. ఒక్క తెలుగు మాట కూడా మాట్లాడలేదు. ఐదుగురిలో ఉన్నప్పుడు వాడు పిట్టను చూడడు, మిగతా నలుగురు తనను చూస్తున్నారా అని చూస్తాడు. అరవైమందిని బస్సులో కుక్కి తీసుకొనిపోయి, చూచినవాటి పేర్లు కాగితం మీద నింపించే విహారయాత్రల మీద నాకు మొదటినుంచీ పెద్ద నమ్మకం లేదు. అందుకని పిల్లలందరికీ విడివిడిగా వంతులు వేశాను. మనుమరాలికి బుధవారం సాయంకాలం, దానికి పిట్టలు పట్టవు, చీమలు కావాలి. అది వేరే కథ.

శ్రావణంలో ఒకనాడు వాడు మూడు చెట్ల చుట్టూ తిరిగి వచ్చి, గూళ్లన్నీ ఒకే వైపున ఉన్నాయన్నాడు. నిజమే, ఒకటి రెండు తప్ప అన్నీ తూర్పుకే వేలాడుతున్నాయి. ఎందుకు?

నాకు ఆ సంగతి చదివి తెలుసు. చెప్పకుండా నోరు మూసుకొని కూర్చున్నాను. మోకాళ్ల నొప్పితో ఊరి చివరిదాకా నడవడం దానికంటే తేలిక.

"అటువైపు సముద్రం ఉన్నది గదా. ఇంట్లోనుంచి సముద్రం చూడాలని కట్టుకొన్నాయి" అన్నాడు మొదట. బాగానే ఉన్నదన్నాను. మరుసటి వారం అది వాడికే నచ్చలేదు. గూటి వాకిలి కిందికి ఉంటుంది, అందులోనుంచి నేల తప్ప సముద్రం ఎట్లా కనబడుతుంది? ఈసారి పొద్దు ఎక్కువగా తగలాలని అన్నాడు. ఆ నెలలో పొద్దే సరిగ్గా పొడవలేదు. మూడో వారం మేము గట్టు మీద ఉండగా వాన పట్టుకొన్నది. గొడుగు తీశాడు. నైరుతి నుంచి ఒక్క విసురు గాలి వచ్చి గొడుగును చాటలాగా వెనక్కి తిప్పేసింది. ఇద్దరం తడిసి ముద్దయి చెట్టు మొదట్లో తూర్పు వైపుకు చేరాము. అక్కడ జల్లు తగ్గింది. వాడు తల ఎత్తి గూళ్లవంక చూచాడు, గొడుగువంక చూచాడు, మళ్లీ గూళ్లవంక చూచాడు. "మామ్మా! గాలి! అవీ మనలాగే చెట్టు చాటున దాక్కొన్నాయి!" అని కేక వేశాడు. 'చాటున' అనే మాట వాడికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. నేను ఎప్పుడో అని ఉంటాను. అవసరం వచ్చినప్పుడు బయటపడ్డది.

నైరుతి ఋతుపవనం నుంచి కాపుదల కోసమే తూర్పు దిక్కు ఎన్నుకొంటాయని పండితులు కూడా అనుకొంటున్నారని అప్పుడు చెప్పాను. వాడేమీ ఆశ్చర్యపోలేదు. వాళ్లూ వానలో తడిసి ఉంటారన్నాడు.

దుఃఖం కలిగించిన సంగతీ ఒకటి ఉన్నది. గూడు సగం అయ్యేసరికి బోర్లించిన టోపీలాగా ఉంటుంది. అప్పుడు మగపిట్ట దానికి వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపల కూర్చొని అటూ ఇటూ లాగి చూస్తుంది. నచ్చితే మగపిట్ట గూడు పూర్తిచేస్తుంది, నచ్చకపోతే సామాన్యంగా దానిని అట్లాగే వదిలి ఇంకొకటి మొదలుపెడుతుంది. మావాడు మనసు పెట్టుకొన్న గిజిగాడి గూడు రెండుసార్లు అట్లా వదిలివేయబడ్డది. "వాడి తప్పేమిటి?" అని కళ్లనీళ్లు పెట్టుకొన్నాడు. వాడికి సలీం ఆలీగారి సంగతి చెప్పాను. 1930లో ఉద్యోగం లేక, బొంబాయికి అవతల అలీబాగ్ దగ్గర కిహీంలో ఉంటూ, ఆ వానకాలమంతా ఆయన గిజిగాళ్లను కనిపెట్టి చూచారు. ఒక గూట్లో ఆడపిట్ట కుదురుకోగానే మగపిట్ట ఇంకొక గూడు, ఇంకొక ఆడపిట్ట కోసం మొదలుపెడుతుందని అక్కడే తేల్చారు. పసివాడికి ఇది చెప్పవచ్చునా అని క్షణం సందేహించి, చెప్పేశాను. "అయితే వాడికి చాలా పని" అన్నాడు. కళ్లనీళ్లు ఆగాయి. ఉద్యోగం లేకుండా పిట్టలను చూస్తూ కూర్చోవచ్చునన్నది మాత్రం వాడికి బాగా నచ్చింది. వాళ్ల నాన్నకు ఇది చెప్పలేదు.

మా అమ్మ చెప్పేది - గిజిగాడు గూట్లో తడిమట్టి పెట్టి, దానికి మిణుగురు పురుగును అంటించి రాత్రిపూట దీపం పెట్టుకొంటాడని. భాద్రపదంలో పిల్లలు ఎగిరిపోయిన గూడొకటి గాలికి రాలిపడ్డది. గట్టు మీద కూర్చొని దానిని విప్పకుండా, వేలు పెట్టి తడిమి చూచాము. లోపల ఎండిన మట్టి ఉన్నది. మిణుగురు లేదు. మట్టి మాట నిజమేననీ, దీపం మాట కట్టుకథ అనీ చెప్పబోయాను. వాడు ఒప్పుకోలేదు. "దీపం ఆరిపోయి రాలిపోయి ఉంటుంది మామ్మా" అన్నాడు. ఎన్నడూ చూడని మా అమ్మ పక్షాన వాడు అట్లా వాదిస్తూ ఉంటే నేను ఎందుకు కాదంటాను?

ఆ గూడు చేతిలో ఉండగానే జాషువాగారు గిజిగాడి మీద రాసిన పద్యాలు నాకు గుర్తున్నంతవరకు చదివాను. సగం మాటలు వాడికి అర్థం కాలేదు. కాని గూడు ఎదురుగా ఉన్నది గనుక అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా "ఇదేనా? ఇదేనా?" అని వేలితో చూపించాడు. తెలుగు పద్యం వాడు చివరిదాకా కూర్చొని వినడం అదే మొదలు.

2025 వేసవిలో మా అబ్బాయికి బెంగుళూరు బదిలీ అయింది. సామాన్లు కట్టేటప్పుడు ఆ గూడు తీసుకొనిపోతానని వాడు పట్టుబట్టాడు. దుమ్ము, పురుగులు అని వాళ్లమ్మ ఒప్పుకోలేదు. అది మా వసారాలో మేకుకు వేలాడుతున్నది. రైలెక్కేముందు, అక్కడ కూడా పాలపిట్టే రాష్ట్ర పక్షి, ఒరిస్సాకూ కర్ణాటకకూ అదే, తెలంగాణాకూ అదే అని చెప్పి ఊరడించాను. నాకు ఊరడింపు ఎవరు చెబుతారు?

పాతిక మాటల దగ్గరికే మళ్లీ వస్తామేమోనని నా భయం. మొదటి రెండు నెలలు ఫోనులో అట్లాగే జరిగింది. తిన్నావా, తిన్నాను. బడి ఎట్లా ఉంది, బాగుంది. ఒక సాయంకాలం వాడే ఫోను చేశాడు, ఊపిరి తిప్పుకోకుండా. "మామ్మా, నీకు తెలుసా? ఇక్కడ దాన్ని గీజగ అంటారు! మన గిజిగాడే!" బడిలో కన్నడం నేర్చుకొంటున్నాడు, ఆ పాఠాలలో దొరికిందట. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మద్రాసులో తూక్కణాంగురువి అంటారనీ, మహారాష్ట్రంలో సుగరణ, అంటే పనితనం గల ఇల్లాలు, అంటారనీ నేను చెప్పాను. "కట్టేది మగవాడైతే పేరు ఆమెకా!" అని వాడు చాలా కోపగించుకొన్నాడు.

వాళ్లుండే చోటికి దగ్గరలో ఒక చెరువు ఉన్నదట, గట్టున ఈతచెట్లు ఉన్నాయట. గూళ్లు ఏ వైపున కట్టాయని అడిగాను. ఇంకా చూడలేదన్నాడు. ఒక్కడినీ వెళ్లనివ్వరు, నాన్నకు ఆదివారాలు కూడా తీరిక ఉండదు. ఫోను మా అబ్బాయికి ఇమ్మని, వాడితో కొంచెంసేపు మాట్లాడాను. వచ్చే ఆదివారం తీసుకొనివెళతానన్నాడు, వాడినొక్కడినే. గొడుగు మరిచిపోవద్దని చెప్పాను.