మూడవ పడక

అతిథికి భోజనం పెట్టడం గురించి మనం ప్రసంగాలలో ఎన్నోసార్లు వింటాము. పడక గురించి వినడం మాత్రం అరుదు. భోజనం అరగంటలో ముగుస్తుంది. రాత్రి చాలా పొడవైనది. రెండు రోజులుండి వెళ్లే బంధువుకు ఎక్కడో ఒక మూల పరుపు పరిస్తే ఆయనా సర్దుకుంటారు, ఇంటివారూ సర్దుకుంటారు. వైద్యం కోసమో, చదువు కోసమో, ఉద్యోగ ప్రయత్నం కోసమో వారాలు, నెలలు ఉండవలసిన వారు వచ్చినప్పుడు ప్రత్యేకమైన గది లేని ఇంటికి పరీక్ష మొదలవుతుంది. మన కుటుంబాలలో అత్యధికం ఒకటి రెండు గదుల ఇళ్లలోనే జీవిస్తున్నాయి. అందుచేత ఇది ఏ ఒక్కరి సమస్యో కాదు.

దైవప్రవక్త (స) ఒక సందర్భంలో ఇంట్లో ఉండదగిన పడకలను లెక్కించి చెప్పారు. ఒకటి భర్తకు, ఒకటి భార్యకు, మూడవది అతిథికి. నాల్గవదాన్ని షైతానుకు చెందినదిగా పేర్కొన్నారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును పండితులు ఆడంబరాన్ని, అవసరానికి మించి పోగుచేసుకోవడాన్ని వారించే బోధనగా వివరించారు. నన్ను ఆకట్టుకున్నది ఆ లెక్కలో అతిథికి దక్కిన స్థానం. అనవసరమైనదంతా తీసివేసిన తరువాత కూడా అతిథి పడక మిగిలే ఉంది. మరొక విషయం కూడా గమనించాలి. ప్రవక్త (స) మూడవ గది అనలేదు, మూడవ పడక అన్నారు. గది మన స్తోమతను బట్టి ఉంటుంది. పడకను మాత్రం ఎంత చిన్న ఇంట్లోనైనా అమర్చవచ్చు.

ఈ మాటలోని లోతు మాకు ఒక వేసవిలో అనుభవానికి వచ్చింది. మావారి మేనత్త పల్నాడు ప్రాంతంలోని ఒక గ్రామంలో ఉంటారు. మేమందరం ఆమెను ఫుప్పమ్మ అని పిలుస్తాము. ఆమెకు శస్త్రచికిత్స జరిగిన తరువాత వైద్యులు రేడియేషన్ చికిత్స అవసరమన్నారు. వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు గుంటూరులోని ఆసుపత్రికి వెళ్లాలి. చికిత్సకు పట్టేది కొద్ది నిమిషాలే అయినా రోజూ ఊరి నుండి బస్సులో వచ్చి వెళ్లడం ఆమె వయస్సుకు, బలహీనతకు సాధ్యమయ్యే పని కాదు. అందువల్ల 17 ఏళ్ల మనవడిని తోడు తీసుకుని మా ఇంటికి వచ్చారు.

మా ఇల్లు గుంటూరు పాత పేటలో ఒక చిన్న అద్దె ఇల్లు. ముందు వసారా, తరువాత హాలు, దాని వెనుక లోపలి గది, ఆ గదిని ఆనుకుని వంటగది ఉంటాయి. స్నానాల గది పెరట్లో ఉంది. ఇంటి పక్కనున్న సన్నని సందు గుండా కూడా పెరట్లోకి వెళ్లవచ్చు. అప్పటికి మా పెద్దమ్మాయికి 14 ఏళ్లు, రెండవ అమ్మాయికి 11 ఏళ్లు, అబ్బాయికి 8 ఏళ్లు. ఐదుగురున్న ఇల్లు ఏడుగురి ఇల్లు కావాలి.

పరుపులను లెక్కించడానికి ముందు మావారు, నేను కూర్చుని దారులను లెక్కించాము. ఎవరు రాత్రివేళ ఎటు నడుస్తారు, ఫజ్ర్‌కు ముందు ఎవరు లేస్తారు, ఎవరి నిద్ర మీదుగా ఎవరు దాటవలసి వస్తుంది అని ఆలోచించాము. దివ్య ఖుర్‌ఆన్ నూర్ సూరాలో ఏకాంతానికి సంబంధించిన మూడు వేళల ప్రస్తావన ఉంది. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి కోసం దుస్తులు సడలించుకునే వేళ, ఇషా నమాజు తరువాత పిల్లలు సైతం అనుమతి తీసుకునే లోపలికి రావాలని ఆ ఆయతు ఆదేశిస్తుంది. ఇరుకైన ఇంట్లో ఈ ఆదేశం మరింత విలువైనది. మా అమ్మాయిలకు ఆ కుర్రవాడు మహ్రమ్ కాడు. ఈ పరిస్థితిలో పరదాను పాటించాలంటే గోడలు లేనిచోట క్రమశిక్షణే గోడ కావాలి.

లోపలి గది స్త్రీలది, హాలు పురుషులదని నిర్ణయించుకున్నాము. ఫుప్పమ్మ, ఇద్దరు అమ్మాయిలు, నేను లోపల. మావారు, మా అబ్బాయి, ఆ కుర్రవాడు బయట. స్త్రీలకు పెరటి తలుపు, పురుషులకు పక్క సందు. ఈ ఒక్క ఏర్పాటుతో అర్ధరాత్రి ఎవరి పడకనూ ఎవరూ దాటవలసిన అవసరం లేకపోయింది. రెండు గదుల మధ్య ద్వారానికి తీగ కట్టి మందమైన తెర వేశాము. తెర మూసి ఉంటే తలుపు మూసినట్లే; బయటి నుండి సలాం చెప్పి, జవాబు వచ్చిన తరువాతే లోపలికి రావాలి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రులలో పురుషులు డాబా మీద దోమతెరలు కట్టుకుని పడుకునేవారు. ఆ డాబాకు నడుమెత్తు పిట్టగోడ ఉంది. రక్షణగా గోడ లేని కప్పు మీద నిద్రించడాన్ని ప్రవక్త (స) వారించారన్న సంగతిని ఈ సందర్భంలోనే పిల్లలకు చెప్పగలిగాము.

ఇక ఫుప్పమ్మ పడక. ఆమె మోకాళ్లు వంగవు. నేల మీద పరుపు వేస్తే లేచే ప్రతిసారీ ఒకరు చేయి అందించాలి. మా ఇంట్లో 6 అడుగుల నవారు మంచం ఒకటి ఉండేది. నవారును విప్పి, ఉతికి, మళ్లీ బిగించి అల్లించాము. వడ్రంగి చేత కోళ్ల కింద కదలని చెక్క దిమ్మెలు పెట్టించి, అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత ఎత్తు చేశాము. ఇటుకలు పెడితే జారే ప్రమాదం ఉంటుంది. పైన పాత నూలు చీరలతో కుట్టిన రెండు బొంతలు పరిచాము. గుంటూరు వేసవిలో స్పంజి పరుపు కన్నా బొంత ఎంతో చల్లన. చికిత్స జరుగుతున్న చోట చర్మం సున్నితమవుతుంది కనుక వదులైన నూలు వస్త్రాలు, మెత్తని నూలు దుప్పటి మాత్రమే ఉపయోగించాము. పశ్చిమానికి కాళ్లు చాపకూడదన్నది మా పెద్దల మర్యాద. అందుచేత మంచాన్ని ఉత్తర దక్షిణాలుగా గోడవారగా వేశాము. తలవైపు చేతికందే ఎత్తులో చిన్న అర, దాని మీద మూత పెట్టిన నీళ్ల చెంబు, మందులు, తస్బీహ్, ఒక టార్చిలైటు. ఆమె లేస్తే మిగిలిన వారి నిద్ర చెడకుండా పెరటి వైపు మాత్రమే వెలుగు పడేలా ఒక చిన్న బల్బు అమర్చాము.

రేడియేషన్ తీసుకునే వారిని రోజులు గడిచేకొద్దీ అలసట ఆవరిస్తుంది. ఆసుపత్రి నుండి రాగానే ఒరగాలనిపిస్తుంది. హాలులో పడుకునే అతిథికి ఉన్న అతి పెద్ద కష్టం ఇదే. ఇంట్లోవారంతా నిద్రకు ఉపక్రమించే వరకు ఆయన పడుకోలేరు, వారు లేచాక పడుకుని ఉండలేరు. పగలు మడతపెట్టి దాచేసే పడక ఆరోగ్యవంతునికి సరిపోతుంది. రోగికి, వృద్ధులకు, గర్భిణికి పగలు కూడా నిలిచి ఉండే పడక కావాలి. అందుకే ఫుప్పమ్మ మంచాన్ని ఒక్కరోజైనా ఎత్తలేదు. మా పరుపులను మాత్రం తెల్లవారగానే ఎత్తి ఎండలో వేసేవారం.

ఇంత చేసినా నాల్గవ రోజు ఉదయం ఆమె తన బట్టలు సంచిలో సర్దుకున్నారు. మావారిని దగ్గరకు పిలిచి ఇలా అన్నారు: “బేటా, ఆతిథ్యం మూడు రోజులేనని, ఆతిథ్యం ఇచ్చేవారిని ఇబ్బంది పెట్టేటంతగా ఉండకూడదని హదీసులో ఉంది. నా మూలంగా నువ్వూ దుల్హనూ చెరొక గదిలో పడుకుంటున్నారు. పిల్లల పడకలన్నీ మారిపోయాయి. నేను ఊరి నుండే వచ్చి వెళ్తాను.”

ఆమెకు పడకలో లోటు కనిపించలేదు. తన రాకతో అందరి పడకలూ కదిలిపోయాయన్నదే ఆమె బాధ. మాకు మాత్రం గుండె ఆగినంత పనయింది. ఆమె వెళ్లిపోతే రెండు మూడు రోజులకే అలసిపోయి చికిత్స మధ్యలో మానేస్తారని మాకు తెలుసు.

మావారు ఆమె పాదాల దగ్గర కూర్చుని అన్నారు: “ఫుప్పమ్మా, ఆ హదీసులోనే మూడు రోజుల తరువాత పెట్టేది సదఖా అని కూడా ఉంది. ఆ పుణ్యాన్ని మాకు దక్కనివ్వరా? అయినా ఆ లెక్క అతిథికి. మా అబ్బా తోబుట్టువుకు నేను ఏ లెక్క చూడాలి? హైస్కూలు చదువు మూడేళ్లూ మీ ఇంట్లోనే చదువుకున్నాను. మీ కొడుకుల మధ్య, మీరు కుట్టిన బొంత మీదే పడుకున్నాను. అప్పుడు మీరు మూడు రోజులు లెక్కపెట్టారా?”

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మూడు షరతులు పెట్టారు. కూర్చుని చేయగలిగే పని ఏదైనా తనకు రోజూ అప్పగించాలి. తన కోసం వేరుగా వండకూడదు. ఆసుపత్రి సెలవు ఉండే శని, ఆదివారాలు మంగళగిరిలో ఉన్న తన కూతురి ఇంటికి వెళ్లనివ్వాలి. వైద్యులు చెప్పిన ఆహార నియమాలను మాత్రం మినహాయించి మేము అన్నింటికీ ఒప్పుకున్నాము. ఆ మూడవ షరతు ఎంత వివేకవంతమైనదో తరువాత అర్థమైంది. వారానికి రెండు రాత్రులు మా ఇల్లు ఊపిరి పీల్చుకునేది. ఆమెకు కూతురి దగ్గర ఉన్న తృప్తి దక్కేది. సేవలో కూతురికీ భాగం లభించేది. మిగిలిన రోజులలో నేనూ మావారూ ఇషా తరువాత డాబా మీద అరగంట కూర్చుని మాట్లాడుకునేవారం. అతిథి ఉన్న ఇంట్లో దంపతులు తమ మాటలకు ఒక వేళను కాపాడుకోవాలి. అది కరువైతే ఎదలోని విసుగు అతిథి మీదకే మళ్లుతుంది.

ఈ విషయంలో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) గృహం మనకు గొప్ప పాఠశాల. మదీనాకు వలస వచ్చిన ప్రవక్త (స) మస్జిదు నిర్మాణం పూర్తయ్యే వరకు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆ కాలం సుమారు 7 నెలలని సీరత్ గ్రంథాలు చెబుతాయి. తనను చూడవచ్చే వారికి సౌలభ్యంగా ఉంటుందని ప్రవక్త (స) కింది భాగాన్ని ఎంచుకున్నారు. పై భాగంలో దంపతులకు మనశ్శాంతి లేదు. ఒకరాత్రి నీళ్ల కుండ పగిలింది. ఆ నీరు కిందికి కారి ప్రవక్తకు ఇబ్బంది కలుగుతుందన్న భయంతో తమకున్న ఒకే ఒక దుప్పటితో ఆ నీటిని ఒత్తారు. చివరకు అబూ అయ్యూబ్ తన మనోవేదనను విన్నవించుకున్నారు. ప్రవక్త (స) పై భాగానికి మారారు. అతిథి తన సౌకర్యాన్ని దాచుకోలేదు. గృహస్థు తన ఇబ్బందిని దాచుకోలేదు. దీర్ఘకాలం కలిసి ఉండవలసిన చోట ఈ నిస్సంకోచం ఎంతో అవసరం. “మీకు ఎలా ఉంటే బాగుంటుంది?” అని అతిథిని అడగాలి; అతిథి కూడా “ఏదైనా పరవాలేదు” అని తప్పించుకోకుండా నిజం చెప్పాలి.

హజ్రత్ మిఖ్దాద్ (రజి), మరో ఇద్దరు సహచరులు ప్రవక్త (స) ఇంట ఆతిథ్యం పొందిన వృత్తాంతం కూడా సహీహ్ ముస్లింలో ఉంది. రాత్రివేళ ఇంటికి వచ్చినప్పుడు ఆయన ఎంత మెల్లగా సలాం చెప్పేవారంటే, మేల్కొని ఉన్నవారికి వినిపించేది, నిద్రించేవారికి మెలకువ వచ్చేది కాదు. చోటు లేని ఇంట్లో అతిథికి మనం ఇవ్వగలిగిన అత్యుత్తమమైన కానుక ఈ మెల్లని స్వరమే. మా పిల్లలు ఆ వేసవిలో తలుపు గడియను చప్పుడు లేకుండా తీయడం, దీపం వేయకుండా చెప్పులు వెతుక్కోవడం నేర్చుకున్నారు.

మూడవ వారంలో ఒకరోజు ఫుప్పమ్మ మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. పొరుగింటి ఆవిడ వచ్చి ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుంటే, “ఇలా రామ్మా, నా మంచం మీద కూర్చో” అన్నారు. వంటగదిలో ఉన్న నాకు ఆ మాట వినిపించింది. నా కళ్లు చెమర్చాయి. అప్పటివరకు ఆమె దాన్ని “మీ మంచం” అనే అనేవారు.

ఆరు వారాల చికిత్స అల్లాహ్ దయతో ఒక్కరోజు కూడా తప్పకుండా పూర్తయింది. ఆమె వెళ్లిన తరువాత కూడా ఆ చెక్క దిమ్మెలను మేము పారవేయలేదు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు తమ ఇళ్లలోని వృద్ధుల కోసం వాటిని అడిగి తీసుకువెళ్లారు.

ప్రియ సోదరీమణులారా! అదనపు గది లేదన్న కారణంతో రక్తసంబంధీకులను లాడ్జీలకో, ఆసుపత్రి వరండాలకో వదిలివేయకండి. లేచేందుకు అనువైన ఎత్తు గల పడక, పెట్టుకోవడానికి ఒక అర, తగిలించుకోవడానికి ఒక కొక్కెం, నడిచేందుకు అడ్డంలేని దారి, పగలు ఒరిగే స్వేచ్ఛ, చేతికొక చిన్న పని. ఇవి సమకూర్చగలిగితే మీ ఇల్లు విశాలమైనదే. మన హృదయాలను, మన ఇళ్లను అతిథుల కోసం విశాలం చేయమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.