గుంజ పాతే చోటు

మా అమ్మాయి ఎత్తుపళ్ళకు తీగెలు వేయించి ఏడాది దాటింది. వైద్యం విశాఖపట్నంలో, మేముండేది అరకులో. నడుమ సుమారు 115 కిలోమీటర్ల దారి, అందులో ఘాట్ మలుపులు. వెళ్ళివస్తే ఒక రోజు హరీ!

పైదవడలో రెండువైపులా ఒక్కొక్క అగ్రచర్వణకాన్ని తీయించాం. ఆ ఖాళీలోకి ముందుపళ్ళు జరగాలి. వెనకనున్న చర్వణకాలను ఆధారం చేసుకుని లాగితే అవీ ముందుకొచ్చి ఖాళీని తినేస్తాయి. పెయ్యను వదులు మట్టిలోని గుంజకు కట్టినట్టన్నమాట. అందుకని ఎముకలోకే చిన్న టైటానియం మరను దించి, దాన్ని గుంజగా వాడతారు. లావు 1.2 నుంచి 2 మిల్లీమీటర్లు, పొడవు 6 నుంచి 12. ఎముకతో పూర్తిగా కలిసిపోదు కనుక పనయ్యాక తిప్పి తీసేయవచ్చు.

ఇటువంటి చిన్న మరల గురించి 1997లో రాసినవాడు జపాను వైద్యుడు కనోమి. బైలదిల్లా ఇనుపరాయిని జపానుకు పంపడానికే 1960లలో మా కొండలను తొలిచి రైలు వేశారు. సరే, రామాయణంలో పిడకల వేట.

అసలు చిక్కంతా చోటు దగ్గరే. మిగిలిన అగ్రచర్వణకానికీ మొదటి చర్వణకానికీ మధ్య దించుదామన్నారు డాక్టరమ్మ. మరకు అటూ ఇటూ కనీసం ఒక్కొక్క మిల్లీమీటరు ఎముక ఉండాలి. అంటే 1.5 మిల్లీమీటర్ల మరకు వేళ్ళ మధ్య మూడున్నర కావాలి. పంటి మెడ దగ్గర అంత చోటుండదు. పైకి వెళ్ళేకొద్దీ వేళ్ళు సన్నబడి చోటు పెరుగుతుంది కానీ, అక్కడ గట్టి చిగురు పోయి కదిలే మెత్తటి పొర వస్తుంది. మర చుట్టూ వాపు, ఆపై వదులు. ఇంకా పైకి పోతే సైనస్ గది. అంగిలిలో నడిమి గీతకు పక్కన వేళ్ళ బెడద లేదు, ఎముకా మంచిదే. కానీ బయటి తీగెను అక్కడినుంచి లాగాలంటే వేరే అమరిక కావాలట.

ఎక్కడ దించినా నూటికి పదీ పదిహేను మధ్య వదులవుతాయని ముందే చెప్పారు. పట్నంలో వాళ్ళకది అరపూట పని. మాకు మళ్ళీ ఘాట్ దిగాలి, అమ్మాయికి మళ్ళీ బడి పోవాలి. ఈ మాట ఆవిడకు చెప్పాను. ఎక్స్‌రేను మరోసారి చూసి, గట్టి చిగురు ముగిసే అంచునే గుర్తు పెట్టారు.

మత్తు చిగురుకు మాత్రమే ఇస్తారు. మర వేరును సమీపిస్తే నొప్పి తెలియాలి కదా, అప్పుడు చెయ్యెత్తమన్నారు. ఎడమవైపు నిశ్చింతగా దిగింది. కుడివైపు సగంలో అమ్మాయి చెయ్యి లేచింది. ఆవిడ వెంటనే మరను వెనక్కి తిప్పి తీసేసి, మళ్ళీ ఎక్స్‌రే తీయించి, కోణం కాస్త మార్చి దించారు. వేరు మీద చిన్న గీత పడినా సాధారణంగా మానిపోతుందని ధైర్యం చెప్పారు.

మూడు వారాలైంది. రోజూ పళ్ళు తోముకున్నాక అద్దం ముందు నిలబడి చూసుకుంటోంది. ఇప్పటికైతే రెండూ కదల్లేదు.