చెమట పోతే ఒళ్ళు తగ్గుతుందా?

ఫిన్లాండు జనాభా సుమారు 55 లక్షలు. అక్కడ 'సౌనా' అనే వేడి స్నానపు గదులు 30 లక్షల దాకా ఉన్నాయి! పార్లమెంటు భవనంలో కూడా ఒకటుంది. ఈ ఆచారాన్ని 2020లో యునెస్కో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

టాంపెరె నగరంలో 1906లో కట్టిన సౌనా ఈనాటికీ నడుస్తున్నది. ఒళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి చెక్క అరుగులమీద కూర్చుంటారు. కట్టెలతో కాల్చిన రాళ్ళమీద నీళ్ళు పోయగానే గుప్పున ఆవిరి లేస్తుంది. పై అరుగు ఎక్కేకొద్దీ సెగ ఎక్కువ. సౌనాలో వేడి మామూలుగా 80 నుంచి 100 డిగ్రీలు. మన రెంటచింతల ఎండ అందులో సగం! గాలి పొడిగా ఉండబట్టి తట్టుకోగలరు. తరవాత తువ్వాలు చుట్టుకుని, వాకిట్లో చల్లగాలికి కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. అలసట తీరడానికే గాని, ఒళ్ళు తగ్గడానికని కాదు.

మన పట్టణాలలో మాత్రం "ఆవిరి పెట్టెలో కూర్చోండి, కొవ్వు కరుగుతుంది" అనే ప్రకటనలు కనిపిస్తున్నాయి. కొవ్వు వెన్నపూస కాదు, సెగకు కరగడానికి. ఒకసారి కూర్చుంటే అరకిలో దాకా తగ్గవచ్చు. పోయింది నీరే, రెండు గ్లాసులు తాగితే తిరిగి వస్తుంది. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. చెమటతోనే సన్నబడేటట్లయితే ఫిన్లాండులో లావుపాటివాళ్ళే ఉండకూడదు. అక్కడ పెద్దవాళ్ళలో దాదాపు నలుగురికొకరు స్థూలకాయులు!

పెళ్ళిచూపులు దగ్గర పడ్డాయని పస్తులుండి, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు మింగి, ఆపైన ఆవిరి పట్టించుకునే ఆడపిల్లలున్నారు. ఇది ప్రమాదం. ఒంట్లో నీరు, లవణాలు తగ్గి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. గుండె లయ తప్పవచ్చు.

సరదాకు వెళ్ళేవారు పది, పదిహేను నిమిషాలు మించి కూర్చోవద్దు. ముందూ తరవాతా మంచినీళ్ళు తాగండి. మద్యం తాగి వెళ్ళవద్దు. ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, గర్భిణులు, రక్తపోటు మాత్రలు వాడేవారు డాక్టరును అడగనిదే వెళ్ళరాదు. ఇన్సులిన్ తీసుకునేవారూ అంతే. వేడికి మందు త్వరగా ఒంటపట్టి షుగరు పడిపోవచ్చు.

బరువు తగ్గాలంటే కంచంలో అన్నం, నూనె, తీపి తగ్గించి కూరలు, పప్పు పెంచండి. రోజూ ముప్పావుగంట చురుకుగా నడవండి. ఆ నడకలో పట్టిన చెమట వృథాపోదు.