సెల్ టవరు నీడలో

ఒకనాడు పంటపొలాల నడుమ పల్లెగా ఉండిన పటమట 1985లో విజయవాడ నగరంలో కలిసింది. పెంకుటిళ్లు పోయి మేడలు, మేడలు పోయి అపార్టుమెంట్లు వెలిశాయి. వాటి శిరస్సులపై ఇప్పుడు సెల్ టవర్లు నిలిచాయి. టవరున్న మేడ యజమానికి అద్దె ముడుతుంది. ఎదురింటివారికి భయం మిగులుతుంది. ఆ భయం హేళన చేయదగినది కాదు. పసిబిడ్డలున్న ఇంటి కిటికీకి ఎదురుగా ఒక యంత్రాన్ని నిలబెట్టి, అదేమి చేస్తుందో ఒక్క మాటైనా చెప్పకపోతే ఏ తల్లి మనసు కుదుటపడుతుంది?

మన దేశంలో తొలి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. 2022 అక్టోబరు నాటికి ఐదవ తరం సేవలు వచ్చాయి. 'సెల్' అంటే గది. ఊరిని చిన్న చిన్న గదులుగా విభజించి, ఒక్కొక్క గదికి ఒక కేంద్రాన్ని ఏర్పరుస్తారు. మాట్లాడేవారు పెరిగినకొద్దీ గదులు చిన్నవవుతాయి, టవర్లు దగ్గరవుతాయి.

భయంలో సగం 'రేడియేషన్' అనే మాటలోనే ఉంది. తెలుగులో దానిని వికిరణం అంటారు. సూర్యకాంతీ వికిరణమే, ఎక్స్‌కిరణమూ వికిరణమే. ఎక్స్‌కిరణాలు పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను వెడలగొట్టగలవు. సెల్‌ఫోన్ తరంగాలకు ఆ శక్తి లేదు. మోతాదు మితిమీరితే శరీర కణజాలాన్ని వేడిచేయగలవు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని క్యాన్సర్‌కు 'కారణం కావచ్చు' అనే వర్గంలో చేర్చింది. రుజువైనదని కాదు, కొట్టివేయలేమని దాని భావం. మరుసటి ఏడు సెప్టెంబరులో మన ప్రభుత్వం టవర్ల వికిరణ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదవ వంతుకు తగ్గించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా జరిగిన సమీక్ష 2024లో వెలువడింది. సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని అది తెలిపింది.

టవరు తన తరంగాలను ప్రధానంగా అడ్డంగా, దూరానికి పంపుతుంది. కనుక దీపం కింద చీకటి అన్నట్లు, దాని సరిగ్గా కిందనున్న ఇంటికి చేరేది స్వల్పమే. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగవ వంతుకు పడిపోతుంది. చెవికి ఆనించుకొన్న ఫోన్‌కు ఆ దూరమే లేదు. పైగా సంకేతం బలహీనమైన చోట ఫోన్ తన శక్తిని పెంచుకొంటుంది. టవరును ఊరవతలికి తరిమితే చేతిలోని ఫోన్ మరింత గట్టిగా అరవవలసి వస్తుందన్నమాట! చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదకినట్లున్నది మన జాగ్రత్త.

సందేహానికి తావులేని ప్రమాదం బందరు రోడ్డుపై కనబడుతూనే ఉంటుంది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్‌ను ఇరికించుకొని, మెడ వంచి, ద్విచక్రవాహనంపై దూసుకుపోయే యువకుడు మేడమీది టవరు వంక చూడడు. ఎదుట వచ్చే లారీ వంకా చూడడు.