గచ్చిబౌలి జామపండు... సీసాలో జామ్!

గచ్చిబౌలి అనగానే మీకేం గుర్తొస్తుంది? అద్దాల మేడలు, ఫ్లైఓవర్లు, మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని పరుగులు తీసే కుర్రకారు... అంతే కదూ! ఆ పేరునొకసారి విడదీసి చూడండి. గచ్చు అంటే సున్నపు గార. బౌలి అంటే బావి. ఊరి పేరులో కంప్యూటర్ లేదు సుమండీ, నీళ్ళున్నాయి. నీళ్ళున్న చోట చెట్టు, చెట్టున్న చోట పండు. ఈ వారం మనం గచ్చిబౌలి వెళ్తున్నది ఆ పండు కోసమే.

మెహిదీపట్నంలో బస్సెక్కి పాత ముంబయి రోడ్డు పట్టుకోండి. టోలీచౌకి, రాయదుర్గం దాటాక గచ్చిబౌలి వస్తుంది. ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గ్రానైటు గుండ్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళట! 1974లో ఏర్పడ్డ హైదరాబాద్ విశ్వవిద్యాలయం దాదాపు 2,300 ఎకరాల్లో ఇక్కడే ఉంది. పక్కనే మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ వెలిశాయి. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగు రోడ్డు తెరిచారు. అంతే, ఊరి రూపే మారిపోయింది.

మారనివీ కొన్ని ఉన్నాయి. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి రోడ్డు పక్కన తోపుడు బండ్లు చేరతాయి. దోరజామకాయని నాలుగు చీల్చి, ఉప్పూ కారం చల్లి చేతికిస్తారు. అందరూ దోరకాయే అడుగుతారు. బాగా పండినవి మాత్రం బండి మూల మిగిలిపోతాయి. పండిన జామ రెండు రోజులకు మించి ఆగదు. ఆ పళ్ళు అమ్ముడుపోకపోతే నష్టం ఆ బండి అమ్మదే. మనకేమో జామ్‌కి కావలసింది సరిగ్గా ఆ పళ్ళే! చీకటిపడే వేళ వెళ్ళి గుట్టగా బేరమాడండి. ఆవిడకీ మేలు, మీకూ మేలు.

జామకి వానాకాలం ఒక కాపు, చలికాలం ఒక కాపు. వానాకాలం కాయలో పురుగు ఎక్కువ, తీపి తక్కువ. అందుకని జామ్‌కి చలికాలం పండే శ్రేష్ఠం. తెల్ల గుజ్జయినా, గులాబీ గుజ్జయినా ఫరవాలేదు. గులాబీదైతే రంగు వేయకుండానే సీసా ముచ్చటగా కనిపిస్తుంది.

కావలసినవి: జామపళ్ళు కిలో (ముప్పావు వంతు పండినవి, పావు వంతు దోరవి), పంచదార మూడు కప్పులు, నిమ్మకాయలు రెండు, నీళ్ళు రెండు కప్పులు.

దోరవి ఎందుకంటారా? జామ్ గట్టిపడేది పెక్టిన్ అనే పదార్థం వల్ల. అది దోరకాయలో ఎక్కువ, మగ్గిన పండులో తక్కువ. నిమ్మరసంలోని పులుపు, పంచదార, పెక్టిన్ మూడూ కలిస్తేనే జామ్ కుదురుతుంది.

చేసే విధానం: పళ్ళు కడిగి ముక్కలు కోసి, నీళ్ళు పోసి మెత్తబడేదాకా ఉడికించండి. పప్పుగుత్తితో మెదిపి, స్టీలు జల్లెడలో వేసి గరిటెతో రుద్దితే గింజలు పైన నిలిచిపోతాయి. దాదాపు నాలుగు కప్పుల గుజ్జు వస్తుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో గుజ్జు, పంచదార కలిపి, పంచదార కరిగేదాకా సన్నసెగ మీద తిప్పండి. తర్వాత మంట పెంచండి. సగం ఉడికాక నిమ్మరసం పిండండి. పులుపు తగిలే వంట కాబట్టి ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు వద్దు. చిక్కబడే కొద్దీ తుళ్ళుతుంది, పొడుగు కాడ గరిటె వాడండి. పిల్లల్ని దగ్గరకి రానీయకండి.

వంటల పుస్తకాల్లో జామ్ 105 డిగ్రీల దగ్గర దించమని ఉంటుంది. అది సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీలకే మరుగుతాయి. మనం 103 దగ్గరే దించేయాలి, లేదంటే పాకం ముదిరిపోతుంది. థర్మామీటర్ లేదా? చల్లని స్టీలు పళ్ళెంలో ఒక బొట్టు వేసి, ఆరాక వేలితో నెట్టండి. పైన ముడత పడితే అయిపోయినట్టే.

గాజు సీసాలు పది నిమిషాలు నీళ్ళలో మరిగించి, ఆరబెట్టి, వేడి జామ్ అంచుదాకా నింపి వెంటనే మూత బిగించండి. అరకిలో సీసాలు రెండు నిండుతాయి. తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచి, పొడి స్పూనే వాడండి. బజారు జామ్‌లో నిబంధన ప్రకారం పండు 45 శాతమైనా ఉండాలి. మీ సీసాలో అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. అలాగని రోజూ గరిటెలు గరిటెలు వద్దు. ఇందులో మూడింట రెండు వంతులు తీపే. ఉడికించడంలో సి విటమిన్ కొంత పోతుంది కూడా. ఇంట్లో షుగరున్న పెద్దలకి పచ్చి జామముక్కే ఇవ్వండి.

అన్నట్టు, ఈ గుట్టల మీద సీతాఫలాలు కూడా కాస్తాయి కదా, వాటితోనూ జామ్ చేద్దామని సరదా పడకండి. వేడి తగిలితే సీతాఫలం గుజ్జు చేదెక్కుతుంది.

ఇక్కడి చెట్ల సంగతి చెప్పకుండా ఉండలేను. కంచ అంటే పశువుల మేతకి వదిలిన నేల. విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో 2025లో చెట్లు కొట్టడం మొదలుపెడితే విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అప్పటికే చాలా చెట్లు నేలకూలాయి. పన్నెండో అంతస్తులో ఉన్న మనకి ఇదంతా దూరపు విషయంలా తోచవచ్చు. కానీ చెట్టుపోతే నీడ పోతుంది, పిట్ట పోతుంది, కాయా పోతుంది. మీ అపార్టుమెంటు ఆవరణలో జానెడు నేల ఉంటే సంఘం వాళ్ళనడిగి ఒక జామ అంటు నాటించండి. రెండు మూడేళ్ళలో కాపుకొస్తుంది.

కొడుకు దగ్గరుందామని ఊరి నుంచి వచ్చి, పొద్దస్తమానం ఏం తోచక కూర్చునే అత్తగారు మీ ఇంట్లో ఉన్నారా? జల్లెడ ఆవిడ చేతికివ్వండి. పాకం పదును ఏ థర్మామీటర్ కంటే ఆవిడకే బాగా తెలుసు. రెండు సీసాల్లో ఒకటి ఇంట్లో పిల్లల చపాతీలకి, రెండోది గచ్చిబౌలి హాస్టల్లో ఉంటున్న తెలిసినవాళ్ళ అమ్మాయికి. మూత మీద తేదీ రాయడం మాత్రం మరువకండేం!