యమ నియమాలు, మా హాస్టల్ గుడ్ల పుస్తకం

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

జూన్ 21 యోగా దినోత్సవం సంగతి అందరికీ తెలిసిందే. 2015 నుంచి ఏటా జరుగుతోంది. 2025లో దేశం మొత్తానికి పెద్ద కార్యక్రమం విశాఖలో పెట్టారు. దానికి ముందురోజు మన అల్లూరి జిల్లా గిరిజన పిల్లలు, ఇరవై వేల మందికి పైగా, ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లో 108 నిమిషాల్లో 108 సూర్య నమస్కారాలు చేశారు. మా రూముల్లో చాలామందికి చెల్లెళ్ళో తమ్ముళ్ళో అందులో ఉన్నారు. ఫోన్లలో వీడియో ఆపి ఆపి మనవాళ్ళెక్కడా అని వెతుక్కున్నాం. ఎవరూ కనబడలేదు గానీ గర్వంగానే అనిపించింది.

ఆ నెలంతా మా హాస్టల్లో కూడా పొద్దున్నే యోగా చేయించారు. ఒకరోజు వాన. బయట కుదరక, నేర్పే మేడమ్ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి పతంజలి యోగసూత్రాల గురించి చెప్పారు. అప్పటిదాకా యోగా అంటే వంగడం, లేవడం, ఊపిరి బిగబట్టడం అనే అనుకున్నాం. మొత్తం 195 సూత్రాలుంటే (196 అని లెక్కపెట్టేవాళ్ళూ ఉన్నారంట) ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే మూడు. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. దానికి ముందు యమం, నియమం ఉన్నాయి. అహింస, సత్యం, అస్తేయం అంటే దొంగతనం చెయ్యకపోవడం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అంటే అవసరానికి మించి పోగేసుకోకపోవడం, ఇవి యమాలు. శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వర ప్రణిధానం, ఇవి నియమాలు. బ్రహ్మచర్యం దగ్గరికొచ్చేసరికి వెనక వరసలో ఒకటే నవ్వులు. మేడమ్ కూడా నవ్వేసి ముందుకెళ్ళిపోయారు. మేమూ వెళ్ళిపోతాం.

ఆరోజు చెప్పినవాటిలో రెండు మాటలు మా గదుల్లో చాలా రోజులు తిరిగాయి. ఒకటి, ఈ యమాలకి పుట్టుకతోటి, చోటుతోటి, కాలంతోటి, సందర్భంతోటి సంబంధం లేదంట. అందరికీ ఒకటే. రెండోది, హింసైనా దొంగతనమైనా మనం చేస్తేనే కాదు, ఇంకొకరి చేత చేయించినా, ఎవరో చేస్తుంటే సరేలే అని ఊరుకున్నా లెక్కలోకే వస్తుందంట. ఈ రెండోది విన్నాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఎందుకంటే అంతకు పది రోజుల ముందే ఒక గదిలో ఆరువందల రూపాయలు పోయాయి. పరీక్ష ఫీజుకి దాచుకున్న డబ్బులు. పోయాయనగానే అందరి చూపూ ఒకమ్మాయి మీదికే వెళ్ళింది. కువి మాట్లాడే అమ్మాయి, మా అందరికంటే లోపలి ఊరు. జీపు దిగాక ఇంకా మూడు గంటలు నడవాలి. ఆమె ట్రంకుపెట్టెకి తాళం కూడా లేదు. "ముందు దానిది చూడండే" అని ఎవరో అన్నారు. చూడండి, మైదానం వాళ్ళు కాలేజీలో మనల్ని "ఏజెన్సీ గుంటలు" అంటే మనకి ఎంత మండుతుంది? మనలో మనకి మాత్రం రోడ్డు ఉన్న ఊరు, రోడ్డు లేని ఊరు.

ఆ రోజు మేము ఎవరి పెట్టే తియ్యనివ్వలేదు. తీస్తే నలభై పెట్టెలూ తియ్యాలి, లేకపోతే ఒక్కటీ తియ్యకూడదు అని గట్టిగా నిలబడ్డాం. మనిషికి పదిహేను రూపాయలు వేసుకుని ఫీజు కట్టించాం. డబ్బులు ఎవరు తీశారో ఇప్పటికీ తెలీదు. ఆ అమ్మాయి మాత్రం మరుసటి వారం సంతలో తాళంకప్ప కొనుక్కుంది. అది చూస్తే బాధేసింది. అస్తేయం గురించి మాట్లాడేటప్పుడు తీసినవాళ్ళ గురించే చెప్తారు. ఒకరి మంచిపేరు తీసుకోవడం కూడా దాంట్లోకే రావాలని మా అభిప్రాయం.

ఈ గ్రూపులోనే కొందరు అన్నలు ఇదివరకు రాశారు, యోగా మనది కాదు, మన ఆచారాలు మనకున్నాయని. కాదనం. మామిడి కొత్త అవ్వకుండా మనూళ్ళల్లో కొత్త మామిడికాయ నోట్లో పెట్టరు. కొర్ర కొత్త, చిక్కుడు కొత్త కూడా అంతే. దేవతకి పెట్టాకే మనిషి తినాలి. దానివల్ల కాయ ముదిరే దాకా చెట్టు మీద ఉంటుంది, ముందు లేచినవాడు మొత్తం కోసుకుపోవడం ఉండదు. మన అవ్వలకి పతంజలి పేరు తెలీదు, అపరిగ్రహం అనే మాట నోరు తిరగదు. అయినా పాటించారు. కానీ అన్నలూ, జీలుగు కల్లు దిగే రోజుల్లో మన ఇళ్ళల్లో అమ్మల వీపుల మీద పడే దెబ్బల సంగతి కూడా చెప్పుకోవాలి కదా. అది ఏ ఆచారంలో ఉంది? అహింస అనే మాట ఎక్కడిదైనా గానీ, ఆ రోజుల్లో మా అమ్మలకి పనికొచ్చేదే.

ఇంక అసలు విషయం సంతోషం. ఉన్నదానితో తృప్తిగా ఉండటం అని దాని అర్థం.

మా మెస్సులో మెనూ బోర్డు ఉంటుంది. దాని మీద వారానికి ఎన్ని గుడ్లు రాసుంటాయో పళ్ళెంలోకి అన్ని రావు. పప్పు గిన్నెలో గరిటె తిప్పితే అడుగు కనబడుతుంది. మొన్న రక్తపరీక్షలు చేస్తే మాలో చాలామందికి రక్తం తక్కువని ఐరన్ మాత్రలిచ్చారు. ఒకసారి పై నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. ముందురోజు సాయంత్రం మమ్మల్ని కూర్చోబెట్టి, అడిగితే అంతా బాగుందని చెప్పండమ్మా అన్నారు. అంతటితో ఆగితే సరిపోయేది. "ఉన్నదాంతో తృప్తి పడమని యోగాలో కూడా చెప్పారు కదా, ఇంటి దగ్గరైతే అంబలే కదా తాగేది" అని కూడా అన్నారు.

చోడి అంబలి మాకు నామోషీ కాదు. కడుపు నిండా తాగుతాం, ఇంటికొచ్చిన మనిషికీ పోస్తాం. ఆ మాటకంటే మొదటి మాటే మాకు మింగుడు పడలేదు. సంతోషం అనేది నియమాల్లో ఉంది. అంటే ఎవరికి వాళ్ళు పెట్టుకునేది. మా నాన్న చిరిగిన చొక్కాతో తృప్తిగా ఉంటే అది ఆయన నియమం. గుడ్లు ఇవ్వాల్సినవాళ్ళు, రావాల్సినవాళ్ళతో తృప్తిగా ఉండమంటే దాన్ని నియమం అనరు.

ఆ రాత్రి ఏడో గదిలో పద్దెనిమిది మందిమి కూర్చున్నాం. నిజం చెప్దాం అని కొందరు. వంట అక్క ఉద్యోగం పోతుందని కొందరు. అక్క మనలాంటిదే, కాంట్రాక్టు మనిషి. ఆమెకే నెలల తరబడి జీతం రాలేదు. స్టోరు తాళంచెవి ఆమె దగ్గర ఉండదు, ఇచ్చింది వండుతుంది. నిజం చెప్పినా దానివల్ల ప్రాణులకి హాని జరగకూడదని పాత వ్యాఖ్యానంలో ఉందని మేడమ్ చెప్పింది ఒకమ్మాయి గుర్తుచేసింది. ఇంకొకమ్మాయి వెంటనే, "మరి మన రక్తం తగ్గితే హాని కాదేటే?" అంది. రాత్రి ఒంటిగంట దాకా ఇదే గొడవ.

చివరికి ఒక దారి దొరికింది. మాలో బీఎస్సీ అమ్మాయి ఒకామెకి అన్నీ డైరీలో రాసుకునే అలవాటు. అంతకుముందు ఇరవై మూడు రోజులు ఏం పెట్టారో ఆమె దగ్గర ఉంది. దాన్ని గళ్ళు గీసి తెల్లగా రాశాం. తేదీ, ఆ రోజు ఎంతమంది ఉన్నారు, గుడ్డు వచ్చిందా లేదా, పప్పు ఎన్ని కేజీలు వండారు. అంతే. బాగుంది, బాగాలేదు అనే మాటలు లేవు, ఎవరి పేరూ లేదు. అడుగున మాత్రం ఒక లైను రాశాం, వంటవాళ్ళకి ఇచ్చిన సరుకు ఇచ్చినట్టే వండుతున్నారని. పద్దెనిమిది మందిమీ సంతకాలు పెట్టాం. మా ఊళ్ళల్లో అమ్మానాన్నలు ఇంకా వేలిముద్రలే వేస్తారు. అందుకే ఆ సంతకాలు చూస్తే ఏదోలా అనిపించింది.

వచ్చిన ఆఫీసరు నిలబడే చదివారు. రెండు ప్రశ్నలు అడిగారు, ఫోన్లో ఫోటో తీసుకున్నారు, వెళ్ళిపోయారు. తరవాత వారం నుంచి గుడ్లు వస్తున్నాయి. పప్పు మాత్రం అలాగే ఉంది. పండక్కి ఊరెళ్ళడానికి సంతకాలు పెట్టినవాళ్ళకి మిగతావాళ్ళకంటే రెండు రోజులు ఆలస్యంగా పర్మిషన్ ఇచ్చారు. ఎందుకని అడిగితే రిజిస్టరు కనబడలేదన్నారు. వంట అక్కని ఎవరూ ఏమీ అనలేదు. మొదట్లో మాతో ముభావంగా ఉండేది, ఇప్పుడు పొద్దున్నే తనే "ఈరోజు తొంభై ఆరు, రాసుకోండమ్మా" అని కేకేస్తోంది.

పుస్తకం మెస్సు గుమ్మం పక్కన మేకుకి వేలాడుతోంది. వారానికో గది వాళ్ళు రాస్తున్నారు. సెమిస్టరు పరీక్షలప్పుడు నాలుగు రోజులు ఖాళీ పోయింది, ఆ ఖాళీని ఊహించి నింపొద్దనుకుని అలాగే వదిలేశాం. ఈ వారం వంతు కువి అమ్మాయి వాళ్ళ గదిది. దస్తూరి మా అందరికంటే తనదే బాగుంటుంది. మీ హాస్టళ్ళలో ఎవరైనా ఇలా రాస్తుంటే పప్పు, నూనె ఎలా కొలుస్తున్నారో చెప్పండి. గుడ్లంటే లెక్కపెట్టొచ్చు, వాటి దగ్గరే మాకు కుదరడం లేదు.