చప్పట్లెవరికి?

పాత సర్కస్ పోస్టర్లలో యజమాని పేరు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఏనుగుకు ఆట నేర్పినవాడి పేరు మాత్రం వెతుక్కోవాలి. అలా వెతికితే దొరికే మనిషి ఎఫ్ థాంప్సన్.

1859లో అమెరికాలోని మిషిగన్‌లో పుట్టిన నల్లజాతీయుడు. ఆడమ్ ఫోర్‌పా సర్కస్‌లో ఏనుగులను మచ్చిక చేసేవాడు. అక్కడో ఏనుగు తొండం చివర గ్లవ్ తగిలించుకుని మనిషితో బాక్సింగ్ చేసేది. ఆనాటి బాక్సింగ్ వీరుడు జాన్ ఎల్. సలివన్ పేరే దానికీ పెట్టారు. నేర్పింది థాంప్సన్, ఆ గొప్ప కొట్టేసింది యజమాని కొడుకు.

థాంప్సన్ 1880ల్లో ఐరోపా వెళ్లిపోయాడు. సొంత ఏనుగులతో, సొంత పేరుతో ప్రదర్శనలిచ్చాడు. మేరీ అనే ఏనుగు చేత పిల్లిమొగ్గ వేయించాడు. టన్నుల బరువున్న ఒళ్లు తలమీదుగా దొర్లడమంటే మాటలా! 1909లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో కన్నుమూశాడు.

అతన్ని ఉత్త బాధితుడిగా తలుచుకోవడం నాకు నచ్చదు. ఏనుగులు ఆ విద్యలేమీ ముచ్చటపడి నేర్చుకోలేదు. ఆ కాలపు సర్కసుల్లో అంకుశం ఉండనే ఉంది. తన కష్టానికి పేరు దక్కనివాడే నోరులేని జీవి కష్టంతో పేరు తెచ్చుకున్నాడు. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచే నివాళి నాకొద్దు.